దేవదార్లు ఆగిపోయిన చోటు

నవంబరు పదకొండున ఇన్‌స్పెక్టర్ పొద్దున తిన్నవి రెండు ఉడకబెట్టిన గుడ్లు, ఒక రొట్టెముక్క. సాయంత్రం దాకా ఇంకేమీ తినలేదు. కారణం, ఎదురుగా సోఫాలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్న మనిషి.

శవం ముందురోజు కొండ మీద దేవదారు అడవిలో దొరికింది. చనిపోయినవాడు ఈ మనిషికి బావమరిది. కాలు విరిగింది. ప్రాణం తీసింది మాత్రం చలి. మూడు గంటలైనా పట్టి ఉంటుందన్నాడు డాక్టర్.

చనిపోయినవాడి అక్క, అంటే ఈ మనిషి భార్య, గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆమె పొద్దుటినుంచీ అడుగుతున్నది ఒక్కటే. "మా తమ్ముడు బతికేవాడా?"

"వాడు జారిపడగానే సాయం కోసం కిందికి పరుగెత్తాను," అన్నాడు బావ. "దారి తప్పాను. నా ఖర్మ."

"ఎక్కడ పడ్డాడు?"

"దేవదార్లలోనే. అంతకు మించి పైకి పోనేలేదు."

"ఇద్దరూ?"

"ఇద్దరమూ సార్. ఎన్నిసార్లు చెప్పమంటారు?"

ఇన్‌స్పెక్టర్ బల్ల మీద రెండు ప్లాస్టిక్ సంచులు పెట్టాడు. రెండింటిలోనూ ఉన్ని మేజోళ్లు.

"ఇవాళ నేనూ ఆ కొండెక్కాను. మోకాళ్లు నన్ను తిట్టని తిట్టు లేదు. కింద వెడల్పాకుల చెట్లు. ఎక్కేకొద్దీ అవి పలచబడి దేవదార్లు వచ్చాయి. ఇంకా ఎక్కితే అవీ గిడసబారి ఒకచోట ఆగిపోయాయి. ఆ పైనంతా మోకాలెత్తు పొదలే. వాటి కాయలకు ఎర్రటి నూగు. పట్టిందంటే వదలదు. కిందెక్కడా ఆ పొద లేదు."

మొదటి సంచి ఎత్తాడు. "ఇవి మీ బావమరిదివి. దేవదారు ఆకులు తప్ప ఏమీ లేవు." రెండోది ఎత్తాడు. "ఇవి మీవి. మీ కాళ్ల పుళ్లకు కట్టు కట్టేటప్పుడు నర్సు విప్పినవి."

మడమల దగ్గర ఎర్రటి నూగు అట్టకట్టి ఉంది.

"అతను దేవదార్లలోనే ఉండిపోయాడు. మీరు పైకి పోయారు."

బావ కాలు దించాడు.

"బెణికిందనుకున్నా సార్. శిఖరం కనిపిస్తూనే ఉంది. అంతదూరం పోయి ఉత్తచేతులతో దిగితే ఆఫీసులో నవ్వరా? కూర్చోరా, ఇప్పుడే వస్తానన్నాను." సంచిని వేలితో దూరంగా నెట్టాడు. "పైన గాలి కదా, వాడి కోటు కూడా వేసుకున్నా. లాక్కోలేదు. వాడే ఇచ్చాడు."

ఇన్‌స్పెక్టర్ ఆ మాట రాసుకున్నాడు. వెంట వచ్చిన కానిస్టేబుల్ అక్కకు కుర్చీ జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"ఇస్తాడు," అంది. "అడిగితే ఏదైనా ఇస్తాడు వాడు. చెప్పండి సార్. బతికేవాడా?"

మెత్తగా చెప్పే దారి వెతికాడు ఇన్‌స్పెక్టర్. దొరకలేదు.

"అక్కణ్ణించి ఫారెస్టు చౌకీ గంట నడక, అమ్మా. బతికేవాడు."

జీపు ఎక్కబోతూ బావ వెనక్కి తిరిగాడు. "స్టేట్‌మెంట్ ఇచ్చి వచ్చేస్తా. గడియ పెట్టుకోకు."

ఆమె చప్పుడు కాకుండా తలుపు మూసి, గడియ పెట్టుకుంది.