కార్పెట్ కింద నలుగు

భూగోళానికి దక్షిణ కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌లో ఆ పాత చెక్క ఇంట్లో అద్దెకి దిగి మూడు వారాలైంది. 2006 జూలై, ఆదివారం. అక్కడ జూలై అంటే నడి చలికాలం. సాయంత్రం నాలుగింటికే వెలుతురు పల్చబడింది. వానతో కలిసి దక్షిణపు గాలి కిటికీలని తోస్తోంది. మా ఆవిడ నిరుపమకి ఏడో నెల. డీజిల్ వాసనకి పొద్దుటి నుంచి రెండుసార్లు వాంతి చేసుకుంది.

హాల్లో మేమెప్పుడూ వెలిగించని డీజిల్ హీటర్ ఒకటి ఉంది, దానికి నూనె పెరట్లో ట్యాంకు నుంచి రావాలి. దాని ముందు కార్పెట్ మీద నూనె మరక పొద్దున అరచేయంత ఉంటే, భోజనాల వేళకి చాపంత అయింది. ఆదివారం పనివాళ్ళు దొరకరు. దొరికినా నాకు ఇంకొకరి పని నచ్చదు. తలుపులన్నీ తెరిచి, కార్పెట్ కోసి, చుట్ట చుట్టి బయట పడేశాను. చెక్కల మీద నిలిచిన నూనె మీద, పెంపుడు పిల్లులు దొడ్డికెళ్ళడానికి షాపుల్లో అమ్మే మట్టి రెండు సంచులు పోశాను. అది నూనె పీల్చుకున్న కొద్దీ ఊడ్చి ఎత్తాం. మట్టి అయిపోయింది. నూనె అవలేదు.

"నలుగుపిండి పట్రా," అన్నాను.

నిరుపమ కదల్లేదు. "అది బిడ్డ కోసమండీ. అమ్మ దగ్గరుండి మర పట్టించి పంపింది."

"మళ్ళీ పంపుతుందిలే! ఈ కంపులో ముందు నువ్వు బతకాలిగా!" అని అరిచాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ అరుపు తలుచుకుంటే ఇవాళ్టికీ సిగ్గేస్తుంది.

ఆమె డబ్బా తెచ్చింది. నేను సుత్తి, టార్చి పట్టుకుని, ట్యాంకు కుళాయి కట్టేద్దామని పెరట్లోకి వెళ్ళాను. కుళాయి కట్టేసే ఉంది. తుప్పుతో బిగుసుకుపోయింది. ట్యాంకుని సుత్తితో కొట్టి చూశాను. ఖాళీ బిందెలా ఖంగుమంది. మూత తీసి టార్చి వేశాను. అడుగున ఎండుటాకులు, సాలెగూళ్ళు. చుక్క నూనె లేదు.

మరి లోపల ఊరుతున్నది ఎక్కడిది?

పరుగున వచ్చేసరికి నిరుపమ మోకాళ్ళ మీద కూర్చుని నేలకి పిండి రుద్దుతోంది. ఒంటికి నలుగు పెట్టినట్టే... గుండ్రంగా, మెత్తగా. ఆమె చేతులకి అలా రుద్దడమే అలవాటు. పిండి అంటుకున్న మేర చెక్కల మీద ఒక ఆకారం తేలింది. తల. భుజాలు. పొట్టలోకి ముడుచుకున్న కాళ్ళు. ఎవరో ఆడమనిషి పక్కకి తిరిగి పడుకున్నట్టుంది.

"నిరూ... చెయ్యి తియ్యి."

"వెచ్చగా ఉందండీ," గుసగుసగా అంది. "ఊపిరి తీస్తోంది..."

చెక్క ఉబ్బింది. నూనెలోంచి నల్లటి చెయ్యి లేచి ఆమె మణికట్టు పట్టుకుంది.

ఒక్క గుంజు. నిరుపమ బోర్లా పడింది. పొట్ట నేలకి కొట్టుకుంది. నేను నడుం పట్టి లాగాను. జారిపోయింది. ఆమె చెయ్యి మోచేతి దాకా లోపలికి వెళ్ళిపోయింది. ముఖం నూనెలో మునిగింది. బుడగలు...

జుట్టు పట్టి తల పైకి లాగాను. రెండో చేతిలో సుత్తి ఇంకా ఉంది. ఆ నల్లటి వేళ్ళ మీద కొట్టాను. ఒకటి. రెండు. ఎముక విరిగిన చప్పుడు. మూడు. రక్తం నా కళ్ళలో చిందింది. నాలుగోసారి సుత్తి ఎత్తి... ఆగిపోయాను.

అక్కడ నల్లటి చెయ్యి లేదు. చితికిపోయిన నిరుపమ చెయ్యే ఉంది.

నేల పొడిగా ఉంది. దాని మీద పిండి కూడా లేదు.

ఆసుపత్రిలో నర్సు నన్ను బయటికి పంపి, "మీ ఆయన కొట్టాడా?" అని నిరుపమని అడిగింది. మెట్ల మీద పడ్డానని చెప్పింది నిరుపమ. పోలీసులు అడిగినా అదే చెప్పింది. నాతో మాత్రం ఒక్క మాటే అంది: "బిడ్డ కదులుతోందండీ. నాకది చాలు."

ఇల్లు మారాం. సెప్టెంబరులో పాప పుట్టింది. అత్తగారు మళ్ళీ పిండి పంపారు.

పదకొండో రోజు పొద్దున, మొదటిసారి నలుగు. నిరుపమ పాపని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, వంకరపోయిన చేత్తో ఒంటికి పిండి రుద్దింది. పిండి నల్లగా ఊడి వచ్చింది. తుడిచి, మళ్ళీ రుద్దింది. మళ్ళీ నల్లగానే... బాత్రూం నిండా డీజిల్ వాసన. పాప ఏడవలేదు. వాళ్ళమ్మ మణికట్టు గట్టిగా పట్టుకుని, నా వైపే చూస్తోంది.

"నూనె ఎక్కువ రాశావేమో," అన్నాను.

నిరుపమ చెయ్యి విడిపించుకోబోయింది. రాలేదు.

"ఇంకా నూనె రాయలేదండీ..."