చెయ్యి చేరని చోటు

ఆ రోజుల్లో విశాఖలో కరెంటు పోతే ఎవరూ ముందు ఫ్యాను సంగతి అడిగేవారు కాదు. "తొట్టి పంపు నడుస్తోందా?" అని అడిగేవారు. సముద్రం వేడెక్కి పగడాలు దాదాపు అన్నీ చచ్చాక, మిగిలిన ముక్కల్ని ఇళ్ళకు పంచి పెంచమన్నారు. అలా హాల్లో టీవీ ఉండాల్సిన చోట ఉప్పునీటి తొట్టి వెలిసింది. పగడమంటే ఉంగరంలో పొదిగే రాయి మాత్రమే కాదనీ, వేలాది చిన్న జీవులు కలిసి కట్టుకున్న ఇల్లనీ బడిపిల్లలకు కూడా తెలుసు.

డాక్టర్ పైడితల్లి తొట్టి మాత్రం పరిశోధనశాలలో ఉండేది. చిన్న తొట్టే. కానీ అందులో బొటనవేలంత కుంకుమకొమ్మ పగడం ముక్క ఒకటి ఉండేది. ఆ జాతికి మిగిలింది అదొక్కటే. అది పోతే ఆ పేరు పుస్తకాల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు.

పగడం ముక్కను నాటడం ఓపికతో కూడిన పని. కొమ్మ తుంచి, పింగాణీ దిమ్మ మీద జిగురుతో అతికించి, ముందు తొట్టి అడుగున నీడలో పెట్టాలి. అలవాటు పడ్డాక మెల్లగా పైకి, వెలుతురులోకి మార్చాలి. వెలుతురు ఎక్కువైతే కమిలిపోతుంది, తక్కువైతే చిక్కిపోతుంది, పక్క పగడానికి మరీ దగ్గరైతే అది కుట్టి చంపుతుంది. ఏ చోటు సరైనదో మనిషి ఊహించాల్సిందే. ఆ ఊహ తప్పి చచ్చిన ముక్కలకు లెక్కలేదు.

ఆ బాధ్యతను పైడితల్లి పగడానికే వదిలేసింది. ఆమె కనిపెట్టిన పరికరం పేరు చరపీఠం, అంటే నడిచే దిమ్మ. ల్యాబులో అందరూ వాకింగ్ ప్లగ్ అనేవారు. పగడం ఇబ్బంది పడినప్పుడు దాని ఒంట్లోంచి ఊరే రసాయనాలను ఆ దిమ్మ పసిగడుతుంది. ఇంజనీరు జిలానీ అమర్చిన సన్నటి కాళ్ళతో, నత్త కంటే నెమ్మదిగా, ఇబ్బంది తగ్గే వైపుకు నడుస్తుంది. హాయిగా ఉన్నచోట ఆగిపోతుంది. మైకులో అడిగితే, తను పసిగట్టింది తొట్టి పక్కనున్న స్పీకరులో చెబుతుంది కూడా.

ఆ దిమ్మ ఎక్కిన కుంకుమకొమ్మ నడిచి నడిచి రాయి వెనక్కి పోయి కూర్చుంది. ముందు నుంచి చూస్తే దాని కొస కూడా కనబడదు.

"ఇదేటి మేడమ్, అలిగిందేటి?" అని నవ్వాడు జిలానీ.

"అక్కడ వెలుతురే లేదు. సెన్సర్ తప్పు చెబుతోందండీ," అంది పైడితల్లి. స్లీవ్ పైకి మడిచి, తొట్టిలో చెయ్యి పెట్టి దాన్ని ముందుకు తెచ్చింది. ముందుకు వచ్చాక ఊరుకుందా? కాస్త కుడికి తిప్పింది, కాస్త ఎత్తులో పెట్టింది, పట్టిన నాచు గోటితో తీసింది. మర్నాటికి అది మళ్ళీ రాయి వెనకే.

ఆమె దీపం తగ్గించింది, నీటి వడి మార్చింది. పంతం పట్టి తొట్టినే తిప్పించి, వెనక వైపును ముందుకు తెచ్చింది. కుంకుమకొమ్మ రాయిని చుట్టి అటువైపుకు పోయింది. పైగా దాని కొసలు తెల్లబడుతున్నాయి. తన ఒంట్లో ఉంటూ తిండి పెట్టే శైవలాలను, అంటే కంటికి ఆనని నాచును, పగడం బయటికి వెళ్ళగొట్టుకుంటే అలా తెల్లబడుతుంది. ఆ తర్వాత బతికేవి తక్కువ.

"దిమ్మనే అడగండి మేడమ్. అన్నీ గుర్తుపెట్టుకుంటాది కదా," అన్నాడు జిలానీ.

ఆమె మైకు దగ్గరికి వంగి అడిగింది. "ఇబ్బందికి కారణం ఏమిటి? వెలుతురా?"

"కాదు," అంది స్పీకరులోని గొంతు.

"నీటి వడా? పక్క పగడాలా?"

"కాదు. చెయ్యి. ముందు వైపు ఉంటే చెయ్యి ఎక్కువసార్లు వస్తోంది. వచ్చినప్పుడల్లా ఇబ్బంది పెరుగుతోంది. చెయ్యి చేరని చోటు వెతుకుతున్నాను."

పైడితల్లికి తల కొట్టేసినట్టయింది. కన్నబిడ్డలా చూసుకుంది మరి. చూసుకోవడమంటే ఆమెకు తెలిసింది ముట్టుకోవడమే.

ఆ పూటే తొట్టి మూతకు తాళం వేసి, తాళంచెవి జిలానీకి ఇచ్చింది. "నేను కాళ్ళు పట్టుకున్నా ఇవ్వకండి."

"మీ చెయ్యి ఊరుకోదని నాకు తెల్దేటి మేడమ్! ఈ జన్మలో ఇవ్వను."

వారాలు గడిచాయి. తెలుపు పాకడం ఆగింది. ఒక ఉదయం కుంకుమకొమ్మ తనంతట తనే నడిచొచ్చి, అద్దానికి సరిగ్గా మధ్యలో, ఎర్రగా విచ్చుకుని నిలబడింది. పైడితల్లి అందరి ముందే ఏడ్చేసింది. కారిడార్లో ఎదురైనవాళ్ళనల్లా లాక్కొచ్చి చూపించింది. ఈ వార్త ప్రపంచానికి చెప్పడానికి మర్నాడు ఫొటోగ్రాఫర్లు వస్తామన్నారు.

మర్నాడు ఆమె అందరికంటే ముందే వచ్చింది. తొట్టి మూత తెరిచి ఉంది. పక్కనే జిలానీ, చొక్కా చెయ్యి మోచేతి దాకా తడిసి.

"అంగుళమే జరిపాను మేడమ్," అన్నాడు తల దించుకుని. "రాయి నీడ పడతంది. ఫొటోకి బాగుంటాదనీ..."

ఆమెకు ఒళ్ళు మండింది. నాలుగు చీవాట్లు పెట్టబోయింది. ఇంతలో జిలానీ చూపు ఆమె కుడిచేతి మీద ఆగింది. ఆమె కూడా చూసుకుంది. స్లీవ్ మోచేతి పైదాకా మడిచి ఉంది. ఎప్పుడు మడిచిందో ఆమెకే గుర్తులేదు. తాళంచెవి అడగాలని దారంతా అనుకుంటూ వచ్చిన సంగతి మాత్రం గుర్తుంది. ఆ రాయి నీడ ముందురోజే ఆమెకూ కనబడింది మరి.

తొట్టిలో చరపీఠం కదిలింది. అద్దం నుంచి మళ్ళి మెల్లగా నడక మొదలుపెట్టింది.

"ఈసారి అది ఎక్కడ ఆగుతుందో మనం చూడకూడదండీ. చూస్తే మన చేతులు ఊరుకోవు," అంది పైడితల్లి.

"చూడకూడదు మేడమ్," అన్నాడు జిలానీ.

ఇద్దరిలో ఒక్కరూ కళ్ళు తిప్పుకోలేదు.