మూడు తలకాయల బేరం

పోలింగు రోజైనా గొర్రెలకు ఆకలి ఆగదు. గుర్వయ్య పొద్దున్నే దొడ్డి తడిక దగ్గర నిలబడి, అలవాటు ప్రకారం ఒక్కో తలనూ తాకుతూ మందను లెక్కపెట్టుకుంటున్నాడు. తడిక సందుల నిండా ఉన్ని పోచలు. గొర్రెను అమ్మినప్పుడల్లా దాని ఒంటి మీది బొచ్చు కాస్త పీకి అక్కడ దోపుతాడు. జీవం పోయినా మంద కలిసివచ్చే గుణం ఇంట్లోనే ఉండాలని వాళ్ల తాతల నాటి ఆచారం.

"లెక్కలు సాలిచ్చి రా! లైను పెరగకముందే ఓటేసొద్దాం," పొయ్యి దగ్గర జొన్నరొట్టె తిప్పుతూ జానమ్మ కేకేసింది.

ఆ మాటకు గుర్వయ్య లెక్క తప్పాడు. మొన్న కమలాకర్ వచ్చాడు. మందుల కంపెనీకి దగ్గరివాడైన అభ్యర్థి తరఫున ఊళ్లో పైసలు పంచుతున్నది అతనే. పళ్లెంలో మల్లన్న బండారి పెట్టుకొచ్చి, "మీ ఇంట్ల ఎన్ని తలకాయలే మామా?" అని అడిగాడు. "మూడు," అన్నాడు గుర్వయ్య. మూడు ఓట్లకూ పైసలు తీసుకుని, ఆ పసుపు ముట్టి ప్రమాణం చేశాడు. ఊళ్లోవాళ్లు రెండు పార్టీల దగ్గరా తీసుకుని ఇద్దరికీ దండాలు పెట్టారు. గుర్వయ్య అట్లాంటి మనిషి కాడు. రెండో పార్టీవాళ్లు వస్తే, "అమ్మిన గొర్రెను మల్ల అమ్ముతనా?" అని తిప్పి పంపాడు. తన నిజాయితీకి తానే మురిసిపోయాడు కూడా.

ఆ మూడో తలకాయ కూతురు స్వర్ణది. రోజూ నల్లగొండకు పోయి రక్తపరీక్షల ల్యాబులో పని చేసొస్తుంది. ఆమెకు ఇదే మొదటి ఓటు. కొత్త చుడీదార్ వేసుకుని నవ్వుతూ బయటికొచ్చింది.

"నాయినా, మన వాగుల కంపెనీ నీళ్లు ఇడుస్తున్నరని కొట్లాడే సారుకే నా ఓటు. నువ్వు గూడ జర ఆలోచించు."

గుర్వయ్య తల వంచుకున్నాడు. దాచి లాభం లేదనుకుని బండారి సంగతి చెప్పేశాడు. స్వర్ణ ముఖంలో నవ్వు చచ్చిపోయింది.

"నా ఓటును నువ్వెట్ల అమ్మినవ్ నాయినా?"

"అమ్ముడేందే? ఊరంత తీసుకున్నదే గదా. ఎవడు గెలిస్తే మన బతుకులు మారతయి?"

"ఊరు సంగతి నాకొద్దు. నన్నొక్క మాట అడిగినవా? నన్ను గూడ మందల కలిపి లెక్కగట్టినవా?"

"నాయినను గట్లనొచ్చునా బిడ్డా?" జానమ్మ అడ్డం వచ్చింది. "గీ ఒక్కసారికి ఏసెయ్యరాదే."

"గొర్రెను అమ్మితే జర బొచ్చన్న పీకి దాసుకుంటడమ్మా. నాదేం మిగిలిచ్చిండు?"

గుర్వయ్య భుజం మీది తువ్వాల తీసి చేతుల్లో పట్టుకున్నాడు. కూతురి ముందు వంగాడు. "బండారి ముట్టిన బిడ్డా. మాట తప్పితే మంద ఆగమైతది. నీ కాళ్లు మొక్కుత."

స్వర్ణ అదిరిపడి వెనక్కి జరిగింది. కన్నతండ్రి చేత కాళ్లు మొక్కించుకునే పాపం ఏ ఆడపిల్ల మోస్తుంది? బడి దగ్గర లైన్లో నిలబడింది, తండ్రి చెప్పిన గుర్తుకే వేసింది. బయటికొచ్చి సిరా వేలు అతని కళ్ల ముందు పెట్టింది.

"నీ మాట నిలబడ్డది నాయినా."

ఆ తర్వాత అవసరమైతే తప్ప తండ్రితో మాట్లాడలేదు.

ఆ అభ్యర్థే గెలిచాడు. కంపెనీకి ఇంకో షెడ్డు లేచింది. వానలు మొదలయ్యేసరికి వాగు నురగలు కక్కింది. ఆ నీళ్లు తాగిన చూడిగొర్రెలు ఈసుకుపోయి నెలలు నిండని పిల్లలను జారవిడిచాయి, కొన్ని నిలబడ్డచోటే కూలిపోయాయి. మాట తప్పితే మంద పోతుందని భయపడ్డాడు గుర్వయ్య. మాట నిలబెట్టుకుని మందను పోగొట్టుకున్నాడు.

కాళ్లీడ్చుకుంటూ కమలాకర్ ఇంటికి పోయాడు. కమలాకర్ మర్యాదగా కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు.

"వాగు నీళ్లకు గొర్లు సచ్చినయి కమలాకరూ. ఓటేసినోళ్లం, జర మీ సారుకు చెప్పు."

"ఉత్తగేసినవా మామా? బేరం తెగింది, పైసలు ముట్టినయి. గొర్రెను అమ్మినంక, కొన్నోడు సాదుకున్నడా, కోసుకున్నడా అని ఎంబడివడి అడుగుతవా?"

అది గుర్వయ్య మాటే, గుర్వయ్య ధర్మమే. చాయ్ అట్లాగే వదిలేసి లేచాడు.

ఇంటికి వచ్చేసరికి స్వర్ణ అరుగు మీద కూర్చుని, వాగు నీళ్ల సంగతి మీద కలెక్టరాఫీసులో ఇవ్వడానికి దరఖాస్తు రాస్తోంది. గుర్వయ్య ఆమె పక్కన కూలబడ్డాడు. తువ్వాలలో ముఖం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నాది అమ్ముకున్న, మీ అమ్మది అమ్మిన, అది సరే. నీది గూడ ఎందుకమ్మిన్నే బిడ్డా? నా చెయ్యి ఇరిగిపోను!"

స్వర్ణ కళ్లు నిండాయి. ఇన్ని నెలల తర్వాత తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడు గడప దగ్గర నుంచి జానమ్మ గొంతు వినిపించింది. ఆ గొంతులో కోపం కూడా లేదు.

"నాది అమ్ముడు సరేనా? నన్ను మాత్రం అడిగినవా?"

గుర్వయ్య తలెత్తి భార్యను చూశాడు. పెళ్లయిన నాటి నుంచి ఏ విషయంలోనైనా ఆమెను ఒక్క మాట అడిగానా అని వెతుక్కున్నాడు. ఒక్కటీ దొరకలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

జానమ్మ వచ్చి కూతురి చేతిలోని కాగితం కింద వేలిముద్ర వేసింది. "రేపు నేను గూడ వస్త. ఎవల్ని అడగను."

"నేనేం మొగం పెట్టుకొని రావాలె జానా?"

"మొగం లేకపోతే మా ఎనుక నిలబడు," అని చెంగుతో కళ్లు తుడుచుకుని, రొట్టెలు చల్లారిపోతున్నాయని లోపలికి పిలిచింది.