మౌళి లేని ఏళ్లు

ఆదివారం ఉదయం. వంటింట్లో గోంగూర కడుగుతూ లీల మేడ మీదకి కేకేసింది.

"మౌళీ! బేగి దిగు, కాఫీ సల్లారిపోతంది. ఇవాళ కోడికూర. జాన్ పాల్ కూడా భోజనానికి వత్తాడు."

మెట్లు దిగుతున్న మౌళి ముఖం ఆ చివరి మాటకి చిన్నబోయింది.

నర్సీపట్నంలో చర్చి వెనక వీధిలో ఉన్న ఆ ఇల్లు లీలది, ఆమె తమ్ముడు దయాకర్ బాబుది. లీల నర్సు, భర్త పోయాక పుట్టింటికి వచ్చేసింది. దయాకర్ వీధి గదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతూ, ఈమధ్యే రెండు కంప్యూటర్లు కూడా పెట్టాడు. మౌళి బ్యాంకు ఉద్యోగి, మేడ గదిలో అద్దెకుంటాడు. ఊరికి తెలిసింది అంతే.

తొంభై రెండులో మౌళి ఆ ఇన్‌స్టిట్యూట్‌కే టైపు నేర్చుకోవడానికి వచ్చేవాడు. మిగతా కుర్రాళ్లంతా వెళ్లిపోయాక కూడా అతని మిషను మోగుతూనే ఉండేది. తప్పులతో నిండిన కాగితాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని దయాకర్ నవ్వేవాడు. ఆ వేసవిలో ఒకే సైకిలు మీద ఏటికొప్పాక దాకా వెళ్లి, వరాహ నది ఒడ్డున కూర్చుని, ఎవరికీ చెప్పలేనిదంతా ఒకరికొకరు చెప్పుకున్నారు. తర్వాత మౌళికి గుంటూరులో ఉద్యోగం వచ్చింది. ఇంట్లో సంబంధాలు చూడసాగారు. ఇద్దరికీ భయమేసింది. ఉత్తరాలు పలచబడి, ఆగిపోయాయి.

మౌళి పెళ్లి మాత్రం చేసుకోలేదు. పదేళ్లు దాటాక, బదిలీ మీద వచ్చి ఆ గుమ్మంలో నిలబడ్డాడు. పోయిందనుకున్నది పోలేదని ఆ సాయంత్రమే ఇద్దరికీ తెలిసిపోయింది.

కానీ తను లేని ఏళ్లలో ఆ ఇంటికి అంత దగ్గరైన జాన్ పాల్ సంగతి మౌళికి పూర్తిగా తెలియదు.

చర్చిలో ఆరాధన అయ్యాక జాన్ పాల్ వచ్చాడు. తిన్నగా వంటింట్లోకి వెళ్లి, తలుపు వెనక అలమారలోంచి గ్లాసు తీసుకుని నీళ్లు తాగాడు. ఇన్ని నెలలుగా ఉంటున్నా మౌళి ఇంకా గ్లాసు అడిగే తీసుకుంటాడు.

భోజనాల దగ్గర లీల మురిపెంగా పాత కబుర్లెత్తింది. "దయాకి కామెర్లొచ్చినప్పుడు రోజూ కృష్ణదేవిపేట ఎల్లి మందు తెచ్చింది ఈడే. నేను డ్యూటీకెళ్తే గంజి కూడా ఈడే తాగించేవోడు."

"తాగడానికి ఎంత పేచీ పెట్టేవోడో!" జాన్ పాల్ నవ్వాడు.

"ఇంకా ఏమేం సేవలు చేశారేటి, జాన్ పాల్ గారూ?" అన్నాడు మౌళి.

ఆ గొంతులోని వెటకారం అందరికీ అర్థమైంది. "పనుందక్కా," అని జాన్ పాల్ సగం అన్నంలో లేచి చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.

దయాకర్ మేడ మీదకి వెళ్లేసరికి మౌళి పెట్టెలో బట్టలు సర్దుతున్నాడు.

"ఏటిది?"

"యలమంచిలికి బదిలీ అడుగుతాను."

"నీకు తెలిసింది అదొక్కటే. ఎల్లిపోవడం!"

"అతను నీకు ఏమవుతాడు? నిజం చెప్పు."

దయాకర్ మంచం అంచున కూలబడ్డాడు. "ఇప్పుడు స్నేహితుడు. ఒకప్పుడు ఇష్టపడ్డాను. నిన్ను మర్చిపోడానికి కాదు మౌళీ, ఆడ్ని చూసే ఇష్టపడ్డాను. కొన్నాళ్లకి అది స్నేహంగా మిగిలింది."

అబద్ధం చెప్పినా బాగుండుననిపించింది మౌళికి. "నాకోసం ఎదురుచూశావనుకున్నాను."

"చూశాను. చూసి చూసి మానేశాను. మానకపోతే బతికేవోడ్ని కాదు. ఇప్పటికీ నువ్వు బ్యాంకు నుంచి ఆలస్యంగా వస్తే, బదిలీ ఆర్డరొచ్చేసిందేమోనని గుండె దడొస్తాది. నీకు జాన్ పాల్ అంటే భయం. నాకు నువ్వంటేనే భయం."

గుమ్మంలో అలికిడైంది. లీల. ఇద్దరూ ఉలిక్కిపడి లేచారు.

"కూకోండి. నాకు తెలీదనుకున్నారేటి? సైకిలేసుకుని తిరిగిన నాడే తెలుసు." ఆమె పెట్టె మూత మూసేసింది. "మౌళీ, నువ్వొచ్చాక ఈడు మళ్లీ పాటలు పాడతన్నాడు. నాకది సాలు. ఊరి సంగతి నాకొగ్గెయ్. కానీ నువ్వు లేనప్పుడు నా తమ్ముడ్ని బతికించినోడు ఈ ఇంట్లో అన్నం దగ్గర్నించి లేచిపోయాడు. అది మాత్రం నేను ఓర్చుకోలేను."

మౌళి చెప్పులేసుకుని బయల్దేరాడు.

జాన్ పాల్ తన ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. దారంతా కూర్చుకున్న మాటలు అతన్ని చూడగానే మౌళికి గుర్తురాలేదు.

"కోపం మీ మీద కాదండీ. ఆ ఏళ్లు నావి కాకుండా పోయాయే అని. నేను లేనప్పుడు మీరున్నారు. దణ్ణం పెట్టాల్సింది పోయి మాట అన్నాను."

జాన్ పాల్ పక్కకి జరిగి అరుగు మీద చోటిచ్చాడు. "మీ పేరు ఎన్నిసార్లు విన్నానో మీకు తెలీదు, మౌళి గారూ. పక్కన నేనున్నా మీ కబుర్లే. నాకూ మీ మీద మంటగానే ఉండేది."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే మౌళి కళ్లు తుడుచుకున్నాడు.

చీకటి పడకముందే ఇద్దరూ కలిసి తిరిగొచ్చారు. లీల మళ్లీ వడ్డించింది. మౌళి దయాకర్ పక్కన కూర్చుని, అక్క చూస్తుండగానే మొదటిసారి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"జాన్ పాల్ గారూ, నేను లేనప్పుడు ఇతను ఎలా ఉండేవాడు? ఏదీ దాచకుండా చెప్పండి. నాకు వినాలనుంది."

జాన్ పాల్ దయాకర్ వైపు చూశాడు. దయాకర్ తలూపాడు.

"అయితే తుఫానుకి ఈ వీధి గది రేకులెగిరిపోయిన ఏడాది నించి మొదలెడతాను..."

దయాకర్ కంటి నీరు కంచంలో పడింది. ఒక చెయ్యి అన్నంలో ఉంది, రెండోది మౌళి చేతిలో ఉంది. అతను తుడుచుకోలేదు.