స్విచ్‌లు పైకెక్కిన గల్లీ

ఆ ఉదయం ఆకాశం సరిగ్గా తెల్లవారలేదు. మానేరు వాగు వైపు నుంచి వచ్చిన మబ్బు కురవకుండా, కదలకుండా, ఏ మాటా తేల్చని పెళ్లివారిలా సిరిసిల్ల మీద కూర్చుంది. నడుమ నడుమ నాలుగు చినుకులు రాల్చి మళ్లీ ఆలోచనలో పడుతోంది.

క్రాంతి గడప ముందు కూర్చుని, కాలిపోయిన బోరు మోటారుకు రాగితీగ చుడుతున్నాడు. మోటార్లు బాగుచేయడం, ఇళ్లకు కరెంటు బిగించడం అతని బతుకుదెరువు.

గొడుగు ముడుస్తూ ఒకమ్మాయి వచ్చి నిలబడింది. మెడలో కార్డు, చేతిలో ట్యాబ్, చెప్పుల నిండా బురద.

"అన్నా, సర్వే. నా పేరు ప్రవళిక, కోరుట్ల నుంచి అచ్చిన. దేశంల పట్నాలు వానకు, ఎండకు ఎంత తట్టుకుంటున్నయో, ఏటేటికి ఎంత మెరుగైనయో లెక్క తీస్తున్నం. పోయినేడు వరద మీ ఇంట్లకు ఎందాంక అచ్చింది?"

క్రాంతి నోరు తెరిచేలోపే ఇంట్లోంచి తల్లి గంగవ్వ గొంతు వచ్చింది.

"చుక్క రాలే బిడ్డా! మాది ఎత్తుమీద గల్లీ."

క్రాంతి తల వంచుకున్నాడు. పోయిన వానకాలం ఆ ఇంట్లో గిన్నెలు తేలాయి. కానీ గంగవ్వ కొడుక్కు సంబంధాలు చూస్తోంది. నీళ్లొచ్చే ఇంటికి పిల్లనెవరిస్తారు? అందుకే గోడల కింది సగానికి ఆకుపచ్చ ఆయిల్ పెయింట్ వేయించి వరద మరకను మాయం చేసింది. ఆమెను చూసి పక్కింటివాళ్లు, వాళ్లను చూసి ఎదురింటివాళ్లు. గల్లీ నిండా పెళ్లీడు కొడుకులే మరి.

ప్రవళిక లోపలికి తొంగి చూసింది. "రంగు మంచిగున్నది. గని గా స్విచ్‌బోర్డేంది, గంత మీదున్నది? నా చెయ్యి గూడ అందేటట్టు లేదు."

"పిల్లలు ముట్టొద్దని."

"మీ ఇంట్ల పిల్లలున్నరా?"

"అయితరు గద... పెండ్లయినంక."

లోపల గంగవ్వ దగ్గింది. ప్రవళిక పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది.

"పక్కింట్ల గూడ గంతే మీదున్నది. ఎదురింట్ల గూడ. ఎవలు బిగించిండ్రన్నా?"

"నేనే."

"పుట్టని పిల్లల మీద మస్తు ప్రేమ, పావురమున్నది నీకు."

గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది. క్రాంతి ఆ మోటారుకు తీగ తప్పు చుట్టి, విప్పి, మళ్లీ తప్పు చుట్టాడు.

మరునాటికి మబ్బు మనసు తేల్చుకుంది. వాన దంచికొట్టింది. బస్టాండు పక్కన చాయ్ హోటల్ రేకుల కింద తడిసిన జడ పిండుకుంటూ ప్రవళిక కనిపించింది. క్రాంతి రెండు చాయ్‌లు చెప్పాడు.

"సర్వే అయిందా మేడం?"

"అయింది. రేపు పగటీలి పన్నెండింటికి పంపుడే. మీ గల్లీకి మంచి మార్కులే పడ్తయి. వరద ముట్టని గల్లీ గద!"

"మంచిదే గద."

"మంచిదే. గని వాననీళ్లు పోయే పెద్ద నాలా ముందుగాల మునిగే గల్లీలకే కడ్తరు. మునగనోళ్లకు నాలా ఎందుకు?"

క్రాంతి చాయ్ ఊదడం ఆపాడు. "చివరింటి ముసలామె, సమ్మక్క, ఏమన్నది?"

"చుక్క రాలేదన్నది. మంచం కింద గిన్ని ఇటుకలెందుకవ్వా అంటే నడుము వంగుతలేదన్నది. నేను లేస్తుంటే చెయ్యి వట్టుకొని 'మా పోరగాండ్ల పెండ్లిల్లు గావాలె బిడ్డా' అన్నది."

క్రాంతి గ్లాసు కింద పెట్టాడు. వరదనాడు సమ్మక్కను వీపున మోసుకొచ్చింది అతనే. ఆమెకు పెళ్లి చేయాల్సిన కొడుకులు లేరు. గల్లీ పిల్లల కోసం అబద్ధమాడింది. నాలా రాకపోతే మళ్లీ మొదట మునిగేది ఆ మంచమే.

"ఒక్క మాటడుగుత, ఏమనుకోవద్దు. నీళ్లొచ్చే ఇంటికి మీరైతే కోడలిగ పోతరా?"

ఆమె ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, తడి జడ వెనక్కి వేసుకుంది.

"నీళ్లకేంది, అస్తయి, పోతయి. అడిగినా చెప్పని మనిషితోని బతుకుడే కష్టం. పొద్దుగాల ఒకసారి మీ గల్లీ తిరుగుత, క్రాంతీ."

బస్సు వచ్చింది, ఎక్కింది. ఈసారి ఆమె 'అన్నా' అనలేదని క్రాంతికి సగం దారిలో తట్టింది. తడుస్తున్నానన్న సంగతి ఇల్లు చేరాక తట్టింది.

తెల్లారితే ఆదివారం. కథలాపూర్ నుంచి పెళ్లివారు ఇల్లు చూడటానికి వచ్చారు. గంగవ్వ బగారన్నం, నాటుకోడి కూర వండి మూతలు పెట్టింది. సంబంధం తెచ్చిన పోశం మిక్చర్ నములుతూ గోడలు చూపిస్తున్నాడు.

"ఇల్లంటే గిట్లుండాలె!"

"వానకాలం ఇబ్బందేం లేదు గద?" అడిగాడు పిల్ల తండ్రి.

"చుక్క రాదు!" గంగవ్వ పొయ్యి దగ్గర నుంచే చెప్పింది.

వాకిట్లో గొడుగు కదిలింది. చుట్టాలను చూసి ప్రవళిక ఆగకుండానే ముందుకు నడిచింది. క్రాంతి లేచాడు.

"ప్రవళికా, ఆగు! రాస్కో."

గోడకు వీపు ఆనించి నిలబడి అరచేయి ఛాతీ మీద పెట్టుకున్నాడు. "గిక్కడిదాంక అచ్చినయి. మరక రంగు కిందున్నది. గందుకే స్విచ్‌బోర్డులు మీదికెక్కిచ్చిన. సమ్మక్క ఇంట్లయితే గొంతుదాంక."

పోశం నోట్లో మిక్చర్ చప్పుడు ఆగిపోయింది. పిల్ల తండ్రి నెమ్మదిగా లేచాడు. "ఉన్నది జెప్పినవ్ పిలగా, మంచిదే. గని మా బిడ్డకు ఈత రాదు."

వాళ్ల వెనక పోశం, ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతికి.

ఎదురింటి వెంకటి అరుగు మీదికొచ్చాడు. "ఛాతీదాంకనేనా? మా ఇంట్ల టీవీ మునిగింది, గది గూడ రాస్కో!"

"మా బియ్యం డబ్బ మానేరుల గలిసింది!" అని పక్కింటామె.

సమ్మక్క కట్టె పొడుచుకుంటూ వచ్చింది. "నాది గూడ రాయి బిడ్డా. ఇగ గీ పోరగాండ్లకు పిల్లనిచ్చేటోళ్లే ఇస్తరు."

అందరూ చెప్పడమయ్యేసరికి మధ్యాహ్నమైంది. గంగవ్వ మాత్రం పొయ్యి దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. "నా ఇజ్జత్ దీసినవ్ కొడుకా. ఇగ నీకు పిల్లనెవలిస్తరు?"

ప్రవళిక గడప దగ్గరే నిలబడింది. రాసిన లెక్క పంపి ట్యాబ్ మూసింది.

"అత్తమ్మా, మా నాయినను తోల్కస్త. నీళ్లొస్తయని ముందుగాల నేనే చెప్త. ఆయన ఒప్పుకునేదాంక చెప్త." క్రాంతి వైపు తిరిగింది. "పిలగానికి ఇష్టమైతేనే."

"ఇష్టమే," అన్నాడు క్రాంతి. మాట ఆమె అడగకముందే పుట్టినట్టు వచ్చింది.

గంగవ్వ ఆ పిల్లను కిందినుంచి మీదిదాకా చూసింది. లేచి మూడు కంచాలు కడిగి చాప ముందు పెట్టింది.

బయట వాన మళ్లీ అందుకుంది. గంగవ్వ కూర గిన్నెలో గరిటె తిప్పి, వెతికి, కోడి కాలు తీసి ప్రవళిక కంచంలో వేసింది. కొడుకు కంచంలో ఒట్టి పులుసు పోసింది. క్రాంతి ఆ పులుసే బగారన్నంలో కలుపుకుని, తల వంచుకుని, కడుపునిండా తిన్నాడు.