గేట్ తొమ్మిది దగ్గర దాల్చినచెక్క బన్నులు

అబద్ధం చెప్పి ఒక ప్రాణం కాపాడిన మనిషి, ఆ అబద్ధాన్ని దేవుడి ముందు ఏ పేరుతో ఒప్పుకోవాలి? ఈ సందేహం నాకు చాలా ఏళ్ళుగా ఉంది. ఒకసారి మా పాస్టర్‌ని అడిగాను. ఆయన కిటికీలోంచి వాన వైపు చూసి, కాఫీ తాగుదాం రమ్మన్నాడు. మా చర్చిలో వెనక బెంచీలో కూర్చునే ఆర్విడ్ సండెలిన్‌కి ఈ సంగతి నాకంటే బాగా తెలిసి ఉండాలి. గోథెన్‌బర్గ్‌లో ఆయన చేసిన ఉద్యోగమే అది. రిటైరయ్యాక ఆయన చెప్పినంత, చెప్పకుండా వదిలేసిన చోట నేను ఊహించుకున్నంత, ఇక్కడ రాస్తున్నాను.

*

ఆఫీసు ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పైన ఉండేది. కింద డ్రిల్లు మోగుతుంటే పైన దేశ రహస్యాలు మాట్లాడుకునేవారు.

"ఇప్పటికి ఇద్దరు పోయారు," అంది గున్నెల్. ఆమె ఆర్విడ్ కంటే పదేళ్ళు చిన్నది, ఆయనకి బాస్. "ఒకడు ఆంట్వెర్ప్‌లో నదిలో తేలాడు. ఇంకొకడు వియెన్నాలో లిఫ్టు రాకుండానే తలుపు తెరుచుకుంటే లోపలికి అడుగేశాడు. ఇద్దరూ ఒకే డ్యామ్ మీద పనిచేసిన ఇంజినీర్లు. ఇక మిగిలింది ఒకావిడ. డాక్టర్ ఇలోనా సెరెద్. రేపు మధ్యాహ్నం జల మహాసభలో మాట్లాడుతుంది."

"ఏమని?"

"ఆ డ్యామ్ నీళ్ళలో ఏం కలుస్తోందో. మూడు ఊళ్ళ జనం అవే నీళ్ళు తాగుతున్నారు."

ఆ దేశం పేరు ఫైల్లో నల్లసిరాతో కొట్టేసి ఉంది. ఆర్విడ్ ఆ నల్లగీత వైపు చూస్తూ అడిగాడు. "ఆవిడ మాట్లాడితే ఆ ఊళ్ళు బాగుపడతాయా?"

"బాగుచెయ్యమని నేను అనలేదు. ఆవిడ స్టేజీ ఎక్కేదాకా బతికుండేలా చూడమన్నాను. ఆ తర్వాతది వేరే డిపార్ట్‌మెంటు."

"నాతో ఎంతమంది?"

"సభ యాప్ ఉందిగా. ఆవిడ ఎక్కడుందో చుక్కలా చూపిస్తుంది."

"నేనడిగింది మనుషుల గురించి."

"నేను చెప్పింది బడ్జెట్ గురించి," అంది గున్నెల్. "వివెకా కూడా అక్కడే ఉంటుంది. యాప్ కంపెనీలో మేనేజరుగా. ఆ ఇద్దర్నీ చంపినవాళ్ళు ఆమెని తమ మనిషి అనుకుంటున్నారు."

"మనమూ అలాగే అనుకుంటున్నాం," అన్నాడు ఆర్విడ్.

కింద డ్రిల్లు ఆగింది. ఎవరో మూలిగారు.

*

మహాసభకు పద్నాలుగు వేలమంది వచ్చారు. ఆర్విడ్ మెడలో భూగర్భజలాల ప్రొఫెసర్ అన్న బ్యాడ్జి, చెవిలో వినికిడి యంత్రంలా కనిపించే రిసీవరు. అది ఫోనుకి కలిపి ఉంది. ఫోనులో గున్నెల్ గొంతు వస్తుంది.

సంకేత వాక్యం ఆఫీసే ఇచ్చింది. "బయట వాన పడుతోందా?" అనడగాలి. "ఇక్కడ ఎప్పుడు పడదు?" అని జవాబు రావాలి. గోథెన్‌బర్గ్‌లో ఆ జవాబు చెప్పని మనిషి ఉండడు. క్లోక్‌రూమ్ దగ్గర ఒక డచ్చి ఇంజినీరు చెప్పాడు. లిఫ్టులో ఒక ముసలావిడ చెప్పింది. మూడోసారి చెప్పిన మనిషి సన్నగా, బూడిదరంగు స్వెటర్లో, నిద్రలేని కళ్ళతో ఉంది. ఆవిడే ఇలోనా సెరెద్.

"మీరు ప్రొఫెసర్ లాగా లేరు," అంది ఆమె. "ప్రొఫెసర్లు ఈపాటికి తప్పిపోయి ఉండాలి."

"ఇప్పుడు ఎవరూ తప్పిపోరండి," అన్నాడు ఆర్విడ్.

అది నిజం. ఇదివరకటి సభల్లో ఇటుకంత లావు కార్యక్రమాల పుస్తకం ఇచ్చేవారు. బెర్గెన్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన తనకే సన్మానం జరుగుతున్న హాలు వెతుక్కుంటూ వంటగదిలో తేలాడు. ఇప్పుడు లోత్స్ అనే యాప్ ఉంది. ఎటు వెళ్ళాలో నీలిరంగు గీత గీసి చూపిస్తుంది. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ళకు మెట్లు లేని దారి వెతికి పెడుతుంది. చెవిటివాళ్ళకు ఉపన్యాసం అక్షరాలై ఫోనులో పారుతుంది. హాలు మారితే ముందే చెబుతుంది. కాఫీ క్యూ ఎక్కడ తక్కువగా ఉందో కూడా చెబుతుంది. ఇంత జనంలో ఒక్కడైనా గొంతెత్తి దారి అడగడం ఆర్విడ్‌కి వినబడలేదు.

"ఆరేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాను ఆర్విడ్ గారూ," అంది ఇలోనా. "ఎక్కడికెళ్ళినా, నా మాట యాస విని ఎదుటివాళ్ళు ఒక్క క్షణం ఆగుతారు. ఇవాళ ఎవర్నీ ఏదీ అడక్కుండా తిరుగుతున్నాను. మీకిది చిన్న సంగతి అనిపించొచ్చు."

"మీ వాళ్ళెవరైనా ఆ ఊళ్ళలో ఉన్నారా?"

"మా అక్క. నీళ్ళు కాచుకుని తాగమని చెప్పాను. కాస్తే పోయేది కాదది. ఏదో ఒకటి చెప్పాలి కదా అని చెప్పాను."

ఆర్విడ్ చుట్టూ చూశాడు. పై అంతస్తు అద్దాల వెనక ఎర్ర సిల్కు చొక్కాలో వివెకా నిలబడి కింద జనాన్ని చూస్తోంది. ఎంత వానలోనైనా తడవకుండా నడిచి వచ్చినట్టు కనిపించే మనిషి ఆమె. ఆర్విడ్ చూపు తగలగానే చిన్నగా తలూపింది. అంతా క్షేమం అని దానర్థం.

తర్వాత ఫికా వేళయింది. కాఫీ, పక్కన దాల్చినచెక్క బన్ను, ఇద్దరి మధ్య కాస్త మౌనం. ఇక్కడ ఉరుములు మెరుపులు వచ్చినా అది ఆగదు. ఆర్విడ్, ఇలోనా ఒక ఖాళీ టేబులు చూసుకున్నారు. టేబులు తమదని తెలియడానికి ఇద్దరూ తమ ఫోన్లు దాని మీద పెట్టి కాఫీకి క్యూలో నిలబడ్డారు. ఇక్కడ అందరూ చేసేది అదే. పెట్టిన ఫోను ఎవరూ ముట్టరు. ముట్టేవాళ్ళు ఉంటారని అనుకోవడం కూడా మర్యాద కాదు. ఆర్విడ్ ఎన్నో దేశాల్లో తాళాలు తీసినవాడు, సీలు వేసిన కవర్లు ఆవిరితో విప్పినవాడు. కానీ కాఫీ దగ్గరికి వచ్చేసరికి ఆయన ఏజెంటు కాదు, ఈ ఊరివాడు. కాఫీతో తిరిగొచ్చేసరికి రెండు ఫోన్లూ పెట్టిన చోటే ఉన్నాయి.

*

ఉపన్యాసానికి వేళ దగ్గరపడింది. ఉపన్యాసకులు వెళ్ళే తలుపు వాళ్ళ బ్యాడ్జికి మాత్రమే తెరుచుకుంటుంది. ఇలోనా అందులోంచి వెళ్ళింది. ఆర్విడ్‌కి యాప్ ఇంకో దారి చూపింది. నడుస్తున్నంతసేపూ గోడకి అవతల ఆమె చుక్క తన చుక్క పక్కనే ఆకుపచ్చగా కదులుతోంది. ఆయన స్టేజీ పక్కకు చేరేసరికి ఆ చుక్క తెర వెనక వచ్చి కూర్చుంది. చెవిలో గున్నెల్ గొంతు చాలాసేపటి నుంచి లేదు. భోజనానికి వెళ్ళి ఉంటుందనుకున్నాడు.

ఊరికే నిలబడలేక యాప్‌లో కాఫీ క్యూ చూశాడు. ఖాళీ అని ఉంది.

తలెత్తి అద్దాల గోడలోంచి బయటికి చూశాడు. కాఫీ కోసం రెండు వందల మంది వంకర లేని వరసలో నిలబడి ఉన్నారు.

ఆర్విడ్ తెర పక్కకి లాగాడు. ఖాళీ కుర్చీ. దాని మీద మంచినీళ్ళ సీసా, మూత కూడా తియ్యలేదు.

టేబులు మీద వదిలేసిన ఫోను గుర్తొచ్చింది. తాము కాఫీ క్యూలో ఉండగా ఎవరో ముట్టారు. ఈ ఫోను అప్పటి నుంచి తనకి అబద్ధం చెబుతోంది. ఇలోనా ఫోను ఆమెని ఎక్కడికో నడిపిస్తోంది. ఆమె ఎవర్నీ దారి అడగదు.

మెట్లెక్కి పైకి పరుగెత్తాడు. యాభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళు రెండూ మొర పెట్టుకున్నాయి. కంట్రోల్ గదిలో వివెకా ఒక్కతే ఉంది. తెరల నిండా చుక్కలు.

"కూర్చో," అంది ఆమె. "ఆయాసపడుతున్నావు."

"ఎక్కడుంది?"

దాచాలని కూడా చూడలేదు. ఒక చుక్క చూపించింది. సామాన్లు దింపే వైపు పొడుగాటి కారిడార్లో మెల్లగా కదులుతోంది. "గేట్ తొమ్మిది. క్యాటరింగ్ వ్యాను. స్టేజీ అటు మారిందని ఆవిడ ఫోను చెబుతోంది. ఆ ఫోను ఇక నా మాట వినదు. వాళ్ళ మాటే వింటుంది."

"ఎందుకు చేశావు?"

"మీరు ఓడిపోయేవాళ్ళు ఆర్విడ్. వాళ్ళూ ఓడిపోయేవాళ్ళే, కాకపోతే కాస్త లేటుగా. నాకు ఆ కాస్త టైము కావాలి."

"ఆంట్వెర్ప్‌లో ఆ ఇంజినీర్ని కూడా ఊరికే మాట్లాడతామనే తీసుకెళ్ళారు. నదిలో తేలాడు."

"తెలుసు."

"వ్యాన్లో ఆవిడకి కుర్చీ ఉండదు వివెకా. పెట్టె ఉంటుంది."

"తెలుసన్నానుగా. నీ పనిలాగే నా పని కూడా తెలిసి చేసేదే."

పరుగెత్తితే గేట్ చేరడానికి టైము లేదు. పోలీసులు ముందు తలుపు దగ్గర ఉన్నారు. ఆర్విడ్ బతిమాలలేదు. ఆమె చేతుల వైపు చూశాడు. ఎనిమిదేళ్ళ కింద రీగాలో, మంచు పగిలిన కాలవలోంచి ఆ చేతులు పట్టుకునే ఆమెని పైకి లాగాడు. ఈ దేశంలో ఒకరి నుంచి మేలు పొందితే, మళ్ళీ కలిసినప్పుడు మొట్టమొదట 'పోయినసారికి థ్యాంక్స్' అనాలి. ఒక పూట భోజనానికైనా అంటారు. చిన్నపిల్లలూ అంటారు. వివెకా ఈ ఎనిమిదేళ్ళలో ఆయన్ని ఎన్నోసార్లు కలిసింది. ఆ మాట ఒక్కసారీ అనలేదు.

"చలికాలంలో ఇంకా తిమ్మిరెక్కుతున్నాయా?" అనడిగాడు.

ఆమె వేళ్ళు ముడుచుకుంది. చుక్క మూల తిరిగింది.

"ఆవిడ ఫోను నా చేతిలో లేదు," అంది. "మిగతా అందరివీ ఉన్నాయి. వాళ్ళకేం చెప్పమంటావు? బాంబు అంటే తొక్కిసలాటలో పదిమంది పోతారు."

ఆర్విడ్ కిందికి చూశాడు. కాఫీ క్యూ ఇంచు కదల్లేదు.

"బన్నులు," అన్నాడు.

వివెకా కీబోర్డు ముందుకి లాక్కుంది. తర్వాత టైప్ చేసింది. 'ఫికా పొడిగించాం. వేడి దాల్చినచెక్క బన్నులు, ఉచితం, గేట్ తొమ్మిది.' నొక్కింది.

పద్నాలుగు వేల ఫోన్లు ఒకేసారి చిన్నగా మోగాయి.

*

గేట్ తొమ్మిది దగ్గర తెల్ల ఏప్రన్లలో ఇద్దరున్నారు. ఇలోనా తలుపు తోసుకుని బయటికి రాగానే ఒకడు మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఇటు డాక్టర్ గారూ. స్టేజీ ఇటే."

"ఇక్కడ స్టేజీ ఏముంది?" అంది ఇలోనా. చెయ్యి లాక్కోబోయింది. రాలేదు. రెండోవాడు వ్యాను తలుపు మీద చెయ్యి వేశాడు.

అప్పుడు ఆమె వెనక తలుపు మళ్ళీ తెరుచుకుంది. చక్రాల కుర్చీలో ఒక పెద్దావిడ వచ్చింది. ఆవిడకి యాప్ ఎప్పుడూ మెట్లు లేని దగ్గరి దారే చూపిస్తుంది.

"లైను ఇక్కడి నుంచేనా?"

"ఏం లైను?" అన్నాడు ఏప్రన్‌వాడు.

"బన్నులకి." ఆవిడ కుర్చీ తెచ్చి సరిగ్గా ఇలోనా వెనక ఆపింది. ఆవిడ వెనక ఇంకో పదిమంది, వాళ్ళ వెనక యాభైమంది. మాట్లాడకుండా, తోసుకోకుండా, మనిషికీ మనిషికీ మధ్య మర్యాదకి సరిపడా దూరం వదిలి నిలబడ్డారు. క్యూ వ్యాను చుట్టూ తిరిగింది. ముందుకీ వెనక్కీ దారి మూసుకుపోయింది.

"తలుపు తియ్యి నాయనా," అన్నాడొక బట్టతలాయన. "ఏప్రన్ కట్టుకుని నిలబడితే బన్నులు వాటంతటవే రావు."

"వెన్న లేనివి విడిగా పెట్టారా?" అని ఎవరో అడిగారు.

ఏప్రన్‌వాడు ఇలోనాని వ్యాను వైపు లాగాడు.

"ఆగు," అంది కుర్చీలో ఆవిడ. "ఆవిడ నా ముందు వచ్చింది. లైన్లోంచి మనిషిని లాగెయ్యడానికి నువ్వెవరు?"

క్యూలో ఉన్నవాళ్ళందరూ అటు తిరిగారు. కిడ్నాప్ జరుగుతోందని వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. లైను తప్పించడం మాత్రం కళ్ళ ముందు జరుగుతోంది. ఎవరూ అరవలేదు. ఊరికే అలా చూశారు. ఆ చూపులు నేనూ ఒకసారి ట్రామ్ స్టాపులో భరించాను. వాటి కింద ఎక్కువసేపు నిలబడలేం.

వాడు చెయ్యి వదిలేశాడు. ఆర్విడ్ పోలీసులతో వచ్చేసరికి ఇద్దరూ వ్యానుకి ఆనుకుని నిలబడి ఉన్నారు. తప్పించుకోవాలన్నా క్యూ దాటాలి. అంత ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

*

ఇలోనా వేళకే స్టేజీ ఎక్కింది. చెప్పాల్సిందంతా చెప్పింది. నాలుగు వేలమంది పట్టే హాల్లో ముప్పై మందికి మించి లేరు. మిగతావాళ్ళు ఇంకా గేట్ తొమ్మిది దగ్గరే ఉన్నారు. క్యూ వదిలి వెళితే తమ వంతు పోతుందని.

సాయంత్రానికి సభ నిర్వాహకులకు నూరు ఫిర్యాదులు వచ్చాయి. అన్నీ బన్నుల గురించే. ఆ నల్లగీత దేశం, ఆరోపణలు తమ దృష్టికి వచ్చాయని ఒక ప్రకటన చేసి ఊరుకుంది. ఆ వేరే డిపార్ట్‌మెంటు నుంచి ఇప్పటికీ కబురు లేదు.

"మా అక్కకి ఫోన్ చేశాను," అంది ఇలోనా, కోటు తొడుక్కుంటూ. "ఎలా జరిగిందని అడిగింది. బాగా జరిగిందన్నాను."

"ఏమంది?"

"నీళ్ళు పొయ్యి మీద పెట్టాను, మళ్ళీ చేస్తానని ఫోన్ పెట్టేసింది."

ఆర్విడ్ ఆమెను ట్రామ్ దాకా దిగబెట్టి వెనక్కి వచ్చాడు. వివెకా పారిపోలేదు. కంట్రోల్ గదిలోనే కూర్చుని, ఎర్రచొక్కా మీద కోటు వేసుకుని, పోలీసులు వచ్చి తీసుకెళ్ళేదాకా తెరల మీద చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోవడం చూసిందట. బయట వాన. ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య కారు వైపు నడుస్తూ, ఆర్విడ్ ఎదురుగా వచ్చేసరికి ఆగింది. చేతులకి సంకెళ్ళున్నాయి, అయినా చెయ్యి చాపింది.

"పోయినసారికి థ్యాంక్స్," అంది.

ఆర్విడ్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది.

"ఎనిమిదేళ్ళు పట్టింది," అన్నాడు.

"ఏం చేస్తాం," అంది వివెకా. "లైను పొడుగ్గా ఉంది."