మంగళవారం వచ్చిన నాన్న

శ్రీకాకుళం గుజరాతీపేటలోని ఆ ఇంట్లో మంగళవారం ఉదయం మామూలుగానే మొదలైంది. రిటైరైన హెడ్మాస్టరు గణపతిరావు వరండాలో పేపరు చదువుతున్నారు. కూతురు అరుణశ్రీ గుమ్మంలో కూర్చుని, బడికి వెళ్లాల్సిన తన కూతురు హైమకి జడలు వేస్తోంది. పది నెలల క్రితం వరకు అక్కడ ఆయన భార్య జగదీశ్వరి కూర్చునేది. ఆవిడ పోయాక ఇంట్లో మాటలు తగ్గాయి.

అరుణశ్రీ ఆస్పత్రిలో నర్సు. పదకొండింటికి లాయరు దగ్గరికి వెళ్లాలని ఆ రోజు సెలవు పెట్టింది. రెండేళ్ల క్రితం ఆమె, భర్త పోతురాజు ఒప్పుకునే విడాకులు తీసుకున్నారు. పాప తల్లి దగ్గర ఉంటుంది. నెలలో రెండో ఆదివారం, నాలుగో ఆదివారం తండ్రి వచ్చి తీసుకువెళ్లి, సాయంత్రానికి దిగబెట్టాలి. అదీ కోర్టు ఉత్తర్వు. పోతురాజు వరసగా నాలుగు ఆదివారాలు రాలేదు. క్యాలెండర్లో ఆ తేదీల చుట్టూ అరుణశ్రీ ఎర్ర సిరాతో గీసి పెట్టింది. ఇక ఆ ఆదివారాలు కూడా రద్దు చేయమని పిటిషన్ వేయాలని ఆమె నిర్ణయం.

తొమ్మిదేళ్ల పిల్ల మంచి గౌను వేసుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని, మధ్యాహ్నం దాకా మెట్ల మీద కూర్చోవడం గణపతిరావూ చూశారు. అందుకే కూతురికి అడ్డు చెప్పలేకపోయారు.

ఎనిమిది కావస్తుండగా గేటు చప్పుడైంది. పోతురాజు. కళింగపట్నం నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చినట్టున్నాడు. ఆ ఊరి బడిలో గణపతిరావు దగ్గరే పదో తరగతి దాకా చదివి, తండ్రిలాగే చేపల వేటకి దిగినవాడు. అల్లుడయ్యాక కూడా మావయ్యా అని పిలవడానికి అతనికి నోరు రాలేదు.

“మేస్టారూ, పాపని తీసుకెల్దామని వచ్చినాను.”

అరుణశ్రీ దువ్వెన చేతిలోనే పట్టుకుని లేచింది. “ఇవాళ ఏ వారం?”

“మంగళారం.”

“కాగితంలో మంగళవారం ఉందా?”

“గాలి తిరిగిపోనాది. పడవలేవీ దిగలేదు. ఈరోజే కాళీ.”

ఫోనైనా చేయకుండా పిల్లని అలా కూర్చోబెట్టడం ఏం న్యాయమని ఆమె నిలదీసింది. తెల్లవారుజామున మూడింటికి గాలి చూస్తే గాని వేటకి వెళ్లేదీ లేనిదీ తేలదని, ఆ వేళ ఫోను చేస్తే అదో తగువవుతుందని ఊరుకున్నానని అతను చెప్పాడు. తను మానేస్తే పడవలో మిగిలిన నలుగురికీ ఆ రోజు వేట ఉండదు.

“సముద్రానికి రెండో ఆదివారం, నాలుగో ఆదివారం తెల్దు కదా, అరుణా.”

“సంతకం పెట్టిన రోజు ఆ ముక్క ఎందుకు చెప్పలేదు?”

“ఆ రోజు ఏటి మాటాడినా తగువే అయ్యీది. పాపని సూడనిత్తే సాలనుకున్నాను.”

“మెట్ల మీద అది నీ కోసం కూర్చుంటే చూసింది నేను. నువ్వు కాదు.”

ఒక జడ వేసి, ఒక జడ విడిచి ఉన్న హైమ ఇద్దరి మధ్యకీ వచ్చింది.

“అమ్మా, నాన్న రాడని నాకు తెలుసు.”

“నీకెలా తెలుసే?”

“డాబా మీద బట్టలు ఊగకపోతే సముద్రం బాగున్నట్టట. నాన్నే చెప్పాడు. ఆ ఆదివారాలు బట్టలు ఊగలేదు.”

“మరి అంతసేపు ఎందుకు కూర్చున్నావు?”

“నువ్వు గౌను వేసి కూర్చోబెట్టావు కదా. రాడని చెప్తే నువ్వు మళ్లీ ఏడుస్తావని.”

అరుణశ్రీ గుమ్మంలో కూలబడింది.

గణపతిరావుకి కళింగపట్నంలో పనిచేసిన రోజులు గుర్తుకొచ్చాయి. కూతురి కొత్త కాపురం రెండు వీధుల అవతలే ఉండేది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం వేట ఆపించే రెండు నెలలూ పడవ ఇసుకలో ఉండేది. పోతురాజు వల కొసని కాలి బొటనవేలికి తగిలించుకుని చిరుగులు అల్లుకునేవాడు. ఆ వల కుప్ప మీదే పసిపిల్ల హైమ నిద్రపోయేది. అరుణశ్రీ పక్కన కూర్చుని ఏవో కబుర్లు చెప్పి నవ్వేది. జగదీశ్వరి మజ్జిగ చెంబు పట్టుకుని వెళ్లి, భోజనాల వేళ దాటాక తిరిగొచ్చేది. ఆ రెండు నెలల్లో ఆ ఇంట్లో ఎవరి గొంతూ పైకి లేచేది కాదు. పడవ మళ్లీ నీళ్లలోకి దిగాకే ఎదురుచూపులు, మాటామాటా.

కూతురికీ అవే రోజులు గుర్తొచ్చాయేమో.

“వేట ఆపేది ఎప్పట్నుంచి?” అని అడిగింది.

“ఏప్రిల్ పదిహేను. జూన్ పద్నాలుగు దాకా.”

“బడి సెలవులూ అప్పుడే.”

“ఆ రోజుల్లో నేనెక్కడికీ ఎల్నే. వల అల్లుకుంటా ఇంటికాడే ఉంతాను.”

“సెలవులన్నీ నీ దగ్గరే ఉంటుంది. మిగతా నెలల్లో గాలి తిరిగిన రోజు రా. మూడింటికైనా సరే ఫోన్ చెయ్యి. నేను లేస్తాను.”

పదకొండింటికి లాయరు దగ్గరికి తనతో రమ్మంది. రద్దు పిటిషన్ వద్దని, ఉత్తర్వు మార్చమని ఇద్దరూ కలిసి అడుగుదామని చెప్పింది. అతను తల ఊపాడు.

“మరి ఇవాళ బడి?” అంది హైమ.

గణపతిరావు లోపలికి వెళ్లి తెల్లకాగితం తెచ్చుకున్నారు. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఎన్నో సెలవు చీటీలు చదివారు. జ్వరం, పెళ్లి, ఊరి ప్రయాణం. ఇలాంటిది ఒక్కటీ చూడలేదు. ‘తండ్రి వచ్చినందున మా హైమకి ఈ ఒక్క రోజు సెలవు ఇవ్వగలరు’ అని రాశారు. రాస్తున్నప్పుడు అక్షరాలు మసకబారితే కళ్లజోడు తుడుచుకున్నారు.

అరుణశ్రీ సంతకం చేసి, పెన్ను పోతురాజుకి అందించింది.

“నేనూ సంతకం ఎట్టాలా?”

“తండ్రివి కదా.”

అతను కాగితాన్ని వరండా గోడకి ఆనించి, ఒక్కొక్క అక్షరం నెమ్మదిగా దిద్దుతూ, ఆమె పేరు పక్కనే తన పేరు పూర్తిగా రాశాడు.